దరఖాస్తు ముందా? కాపురం ముందా?

పెళ్ళిళ్ళలోనూ, ఈద్ నమాజు చదివి ఈద్‌గా నుంచి తిరిగి వచ్చేటప్పుడూ మన పెద్దల మధ్య తరచు నడిచే చర్చ ఒకటున్నది. కుర్రవాడి చదువు పూర్తయింది. దెందులూరులో ఉద్యోగం లేదు, ఏలూరులో ఉన్నా అందలేదు. ఇక హైదరాబాదుకో, విశాఖపట్నానికో పోవాలి. అయితే ఇక్కడ నుంచే దరఖాస్తులు పెట్టి, ఆర్డరు కాగితం చేతికి వచ్చాక మూట కట్టుకోవాలా? లేక ముందుగా పోయి ఏ ఖాలా ఇంట్లోనో, మామూ ఇంట్లోనో మకాం పెట్టి, అక్కడివాడినని చెప్పుకొని ప్రయత్నించాలా? ఒకరు అది అంటారు, ఒకరు ఇది అంటారు. ఇద్దరూ తమ అనుభవమే చెప్తారు గనుక ఇద్దరి మాటా నిజంలాగే ఉంటుంది.

ఈ చర్చకు నూరేళ్ళు దాటిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను మన సంచికలో కొంచెం వివరంగా చెప్పదలచాము. ఎందుకంటే, ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్న మనిషిని "నీకేం వచ్చు?" అని అడగటానికి ముందు "నీవు ఏ ఊరివాడివి, అక్కడ ఎన్నేళ్ళున్నావు?" అని అడగటం మన ప్రాంతంలో చాలా పాత అలవాటు. ఆ ప్రశ్నకు జవాబు తెలియకుండా మూట కట్టిన కుటుంబాలు మనలో ఎన్నో నష్టపోయాయి.

అసలు దరఖాస్తు అనే మాటే ఫారసీ నుంచి వచ్చినది. అర్జీ, సిఫారసు, ఖాళీ, హాజరు, మంజూరు, బదిలీ, రాజీనామా, బర్తరఫు, నౌకరీ ఇవన్నీ ఫారసీ అరబ్బీ మాటలే. నవాబుల కచేరీలలో పుట్టి తెలుగు వాడుకలో కలిసిపోయాయి. ఉద్యోగం దొరకటం దగ్గర నుంచి ఊడటం వరకు మాటలన్నీ మనవే, ఉద్యోగాలు మాత్రం మరొకరివి అని మా పెద్దలు నవ్వుతూ అనేవారు.

కాస్త వెనక్కు పోదాము. 18వ శతాబ్దం నడిమి వరకు ఏలూరు హైదరాబాదు నిజాము ఏలుబడిలో ఉండేది. ఉత్తర సర్కారులు అని చరిత్ర పుస్తకాలు చెప్పే అయిదింటిలో ఏలూరు సర్కారు ఒకటి. తక్కినవి శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ముస్తఫానగరం అనబడిన కొండపల్లి, ముర్తజానగరం అనబడిన గుంటూరు. 1759లో ఇంగ్లీషువారు బందరు కోటను ఫ్రెంచివారి నుంచి పట్టుకున్నారు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం నుంచి ఫర్మానా తెచ్చుకున్నారు. 1766లో, మళ్ళీ 1768లో నిజాము అలీఖానుతో ఒడంబడికలు చేసుకున్నారు. గుంటూరు తప్ప తక్కిన సర్కారులు కుంపినీ చేతికి పోయాయి, గుంటూరు 1788లో పోయింది. నిజాముకు కట్టవలసిన పేష్కషును కూడా 1823లో ఒకేసారి సొమ్ము ఇచ్చి తీర్చేసుకున్నారు.

రాజులు కాగితాల మీద దస్కతులు చేస్తే దెందులూరు ప్రాంతంలో నాగలి పట్టినవాడికి, మసీదులో అజా ఇచ్చినవాడికి ఆ రోజున ఏమీ మారలేదు. మారింది నూట యాభై ఏళ్ళ తరువాత. ఒకనాడు నిజాము రయ్యత్తుగా ఉన్నవాడి మునిమనుమడు హైదరాబాదుకు నౌకరీకి పోతే, అక్కడ వాడు పరాయివాడయ్యాడు. ఇది ఎట్లా జరిగిందో చూడాలి.

సాలార్‌జంగు దివానుగా ఉన్న కాలంలో హైదరాబాదు కొలువును కొత్త పద్ధతిలో నడపటానికి ఇంగ్లీషు చదివినవారు, రెవెన్యూ తెలిసినవారు కావలసి వచ్చారు. వారిని ఉత్తర హిందూస్థానం నుంచి పిలిపించారు. లక్నో కానింగు కాలేజీలో అరబ్బీ చెప్పే సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ 1873లో వచ్చారు. ఇటావాకు చెందిన మెహదీ అలీ, తరువాత మొహసినుల్ ముల్కు అని పేరు పొందినవారు, 1874లో వచ్చారు. వీరెవరూ హైదరాబాదులో ఇల్లు తీసుకొని, కచేరీ గుమ్మంలో నిలబడి కొలువు అడిగినవారు కారు. వారికి ముందు పిలుపు అందింది, తరువాత ప్రయాణం కట్టారు. పెద్ద కొలువులకు ఆ రోజుల్లో సిఫారసు ఉత్తరమే దరఖాస్తు.

పిలుపు లేకుండా వచ్చినవారి సంగతి వేరు. ఉర్దూ కవులలో అంతటివాడయిన దాగ్ దెహ్లవీ, రాంపూరు నవాబు చనిపోయాక 1888లో హైదరాబాదుకు వచ్చాడు. కొలువు కుదరక తిరిగిపోయాడు. మళ్ళీ వచ్చాడు. ఎట్టకేలకు 1891లో ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుకు ఉస్తాదుగా నియమితుడయ్యాడు. అంతటివాడికే అన్నేళ్ళు పట్టింది.

పైనుంచి వచ్చినవారు పెద్ద పదవుల్లో కూర్చోవటం, వారు తమ బంధువులను పిలిపించుకోవటం చూసి స్థానికులకు కడుపు మండింది. అది న్యాయమయిన బాధే. ముల్కీ అంటే దేశంవాడు, గైర్ ముల్కీ అంటే దేశంవాడు కానివాడు అనే తగాదా అప్పుడే మొదలయింది. చివరకు 1919లో ముల్కీ నిబంధనలు సర్వీసు రూల్సులో చేరాయి. పుట్టుకచేత హైదరాబాదు ప్రజ అయినవాడు ముల్కీ. బయటివాడు ముల్కీ కావాలంటే కనీసం 15 ఏళ్ళు అక్కడ కాపురం ఉండాలి. అది కూడా చాలదు. తన పాత ఊరికి తిరిగిపోయే ఆలోచన వదులుకున్నానని నిర్ణీత నమూనాలో ప్రమాణపత్రం రాసి మేజిస్ట్రేటుచేత దస్కతు చేయించాలి.

ఆ చివరి షరతును మేము చాలాసార్లు తలచుకున్నాము. తండ్రి సమాధి దెందులూరులో ఉన్నవాడు, ఏటేటా బరాత్ రాత్రికి ఫాతిహా చదవటానికి వచ్చేవాడు, "తిరిగిపోయే ఆలోచన లేదు" అని మేజిస్ట్రేటు ముందు ఎట్లా రాసిస్తాడు? రాసిచ్చినవారూ ఉన్నారు, పొట్ట అటువంటిది. సికింద్రాబాదు నుంచి బెజవాడకు 1889లో రైలు పడింది. మన ఏలూరు మీదుగా పోయే రైలు 1893 నాటికి నడిచింది. బండి ఎక్కితే హైదరాబాదు చేరటానికి మరీ ఎన్నో రోజులు పట్టదు. నౌకరీకి అర్హుడు కావటానికి మాత్రం 15 ఏళ్ళు పట్టేది.

ఇక ఇటువైపు సంగతి. మనది మద్రాసు రాజధాని. 1925లో ఏలూరు ముఖ్యపట్టణంగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది. మద్రాసులో 1929లో సర్వీసు కమిషను పెట్టారు, దేశంలో రాష్ట్రస్థాయిలో అటువంటిది అదే మొదటిది. అప్పటి నుంచి, ఊరు కదలకుండా టపాలో అర్జీ పంపి, పరీక్ష రాసి, ఉద్యోగం వచ్చాకనే పెట్టె సర్దుకోవటం అనే పద్ధతి మనవారికి పరిచయమయింది. పైగా 1927 నాటి కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 12 నియామకాల్లో 2 ముస్లిములకు రావాలి. 1947లో దానిని సవరించి 14లో 1గా తగ్గించారు. 1951లో సుప్రీంకోర్టు తీర్పులతో ఆ పద్ధతే పోయింది. ఆ ఇరవై పైచిలుకు ఏళ్ళలో మన జిల్లా నుంచి ఆ వంతును వాడుకోగలిగినవారు కొద్దిమందే. వంతు ఉన్నది గాని, ఇంగ్లీషులో అర్జీ రాయగలిగిన చదువు అందరి ఇళ్ళల్లో లేదు.

చదువు లేనివారు ఎక్కడికి పోయారంటే, చాలామంది తెలుగువారు పోయినట్లే రంగూనుకు పోయారు. అక్కడ దరఖాస్తు లేదు, మేస్త్రీ ఉన్నాడు. మేస్త్రీ ఇక్కడే అడ్వాన్సు ఇచ్చి, ఓడ ఛార్జీ పెట్టి తీసుకుపోయేవాడు. ఉద్యోగం ముందే ఖాయమయినట్లు కనిపించేది, నిజానికి ఖాయమయింది అప్పు. 1930లో రంగూను రేవులో తెలుగు కూలీల మీద పెద్ద దొమ్మీ జరిగింది. 1942లో జపానువారు వచ్చినప్పుడు వేలాది మంది అడవుల దారిన కాలినడకన తిరిగి వచ్చారు, దారిలో పోయినవారు పోగా.

చేతిపని ఉన్నవారి దారి ఇంకొకటి. ఏలూరు తంగెళ్ళమూడిలో ఉన్ని తివాచీలు నేసే మన సోదరుల పూర్వులు పారసీక దేశం నుంచి వచ్చారని చెప్పుకుంటారు. ఆ తివాచీలు 1851లో లండను మహాప్రదర్శనకు వెళ్ళినవి. మగ్గం ముందు కూర్చుని ముడి వేసి చూపించినవాడిని స్థానిక ధ్రువపత్రం తెమ్మని ఎవరూ అడగలేదు. వారి గురించి విడిగా ఒక వ్యాసమే రాయవలసి ఉన్నది.

స్వతంత్రం వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, కర్నూలు రాజధాని. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్, హైదరాబాదు రాజధాని. మద్రాసుకు అర్జీ పంపినవాడు కర్నూలుకు పంపాడు, మూడేళ్ళు తిరిగేసరికి హైదరాబాదుకు పంపవలసి వచ్చింది. మన వారిలో కొందరికి హైదరాబాదు అనగానే గుండె పొంగింది. ఉర్దూ మాట్లాడే నగరం, చార్‌మినారు, మక్కా మసీదు. సగం ఇంటికి పోయినట్లే అనుకున్నారు.

హైదరాబాదు అట్లా అనుకోలేదు. అంతకు నాలుగేళ్ళ ముందే, 1952 సెప్టెంబరులో, బయటివారికి ఉద్యోగాలిస్తున్నారని అక్కడ విద్యార్థులు ఆందోళన చేస్తే కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ గాయం పచ్చిగానే ఉన్నది. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో, తెలంగాణ ఉద్యోగాలకు 12 ఏళ్ళ నివాసం ఉండాలన్న మాట చేర్చారు. 1957లో పార్లమెంటు నివాస అర్హత చట్టం చేసింది. దాని కింద 1959లో వచ్చిన రూల్సు, తెలంగాణలో దిగువ ఉద్యోగాలకు 15 ఏళ్ళ నివాసం కావాలన్నాయి. రాష్ట్రం ఒకటయింది, షరతు పోలేదు.

తరువాతి కథ మన పెద్దలకు కళ్ళ ముందు జరిగినదే. రక్షణలు అమలు కావటం లేదని 1969లో తెలంగాణ భగ్గుమన్నది. ఆ మార్చిలోనే సుప్రీంకోర్టు ఆ నివాస నిబంధనను కొట్టివేసింది. రాష్ట్రమంతటికీ నివాసం అడగవచ్చు గాని, రాష్ట్రంలో ఒక భాగానికి అడగటానికి రాజ్యాంగం ఒప్పదన్నది. మూడేళ్ళ తరువాత, 1972 అక్టోబరు 3న, అదే కోర్టు పాత ముల్కీ నిబంధనలు ఇంకా చెల్లుతాయన్నది. అవి రాజ్యాంగం రాకముందు నుంచి ఉన్న చట్టం గనుక నిలిచే ఉన్నాయని దాని తాత్పర్యం. ఈసారి ఇటువైపు భగ్గుమన్నది. జై ఆంధ్ర ఉద్యమంలో మన జిల్లాలో కాలేజీలు నెలల తరబడి నడవలేదు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది.

ఈ విషయంలో మా అభిప్రాయం దాచుకోము. తన ఊళ్ళో ఉద్యోగం తన బిడ్డకు రావాలని కోరుకున్న తెలంగాణ తల్లిది తప్పు కాదు. రాష్ట్రం ఒకటన్నప్పుడు రాజధానిలో తన బిడ్డ గైర్ ముల్కీ ఎట్లా అయ్యాడని అడిగిన దెందులూరు తల్లిది కూడా తప్పు కాదు. ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకటే, తక్కువ ఉద్యోగాలు.

1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం వచ్చింది. ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి. రాజ్యాంగంలో 371-డి అధికరణం చేర్చారు. దాని కింద 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. ఉద్యోగం వెతుకుతున్న మన కుటుంబాలు తెలుసుకోవలసిన కాగితాలలో దీనికంటె ముఖ్యమయినది మరొకటి లేదు. గనుక కొంచెం నిలిచి చూద్దాము.

దిగువ గుమాస్తా స్థాయి ఉద్యోగాలకు, టీచరు ఉద్యోగాలకు జిల్లాయే స్థానిక ప్రాంతం. వందకు 80 స్థానికులకు. ఆ పైన నాన్ గెజిటెడ్ ఉద్యోగాలకు జోను ప్రాంతం, 70 శాతం. పేర్కొన్న కొన్ని గెజిటెడ్ ఉద్యోగాలకు 60 శాతం. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాలు కలిపి రెండవ జోను అయింది. హైదరాబాదు ఆరవ జోనులో పడింది.

ఇక్కడ మనవారు రెండు పొరపాట్లు పడ్డారు. మొదటిది, మిగిలిన 20 శాతం బయటి జిల్లావారి కోటా అనుకోవటం. అది కోటా కాదు, అందరికీ తెరిచిన మెరిట్ వంతు. అందులో స్థానికుడు కూడా పోటీ పడతాడు. రెండవది, హైదరాబాదులో ఏ ఉద్యోగమయినా మనకు రాదనుకోవటం. సచివాలయము, శాఖాధిపతుల కార్యాలయాలు, రాష్ట్రస్థాయి సంస్థలు, పెద్ద ప్రాజెక్టులు ఈ ఉత్తర్వు పరిధిలోకి రాలేదు. అంటే దెందులూరులో ఇంటి అరుగు మీద కూర్చుని సచివాలయం ఉద్యోగానికి దరఖాస్తు నింపినవాడికి, హైదరాబాదు కలెక్టరు ఆఫీసు గుమాస్తా ఉద్యోగం కోసం ఆరు నెలలు మామూ ఇంట్లో కూర్చున్నవాడికంటె ఎక్కువ అవకాశం ఉండేది. ఈ సంగతి తెలిసినవారు టైపు హయ్యరు, షార్టుహాండు లోయరు పాసై, సర్వీసు కమిషను పరీక్ష రాసి, 1974లో మొదలయిన గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఆర్డరు కాగితంతో పోయారు. తెలియనివారు ముందే పోయి, చుట్టాల ఇంట అన్నం బరువై తిరిగివచ్చారు. జోను నిబంధన మీరి చేరినవారి విషయంలో 1985 డిసెంబరు 30న 610 జీవో వచ్చింది. అయిదు, ఆరు జోన్లలో అట్లా నియమితులయినవారిని వెనక్కు పంపాలన్నది దాని సారాంశం. అమలు ఏళ్ళ తరబడి సాగింది, ఆ ఏళ్ళన్నీ కొన్ని ఇళ్ళల్లో సరిగా నిద్ర లేదు.

స్థానికుడు ఎవరు? ఇది అన్నిటికంటె ముఖ్యం. ముల్కీలో 15 ఏళ్ళ కాపురం అడిగారు. 1975 ఉత్తర్వు కాపురం కంటె ముందు చదువు అడిగింది. పదవ తరగతి పరీక్షకు వెళ్ళిన సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివాడో అక్కడివాడు. అట్లా కుదరకపోతే ఏడేళ్ళలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడివాడు. బడికే పోనివాడికి మాత్రం నివాసం చూస్తారు. తండ్రి ఎక్కడ పుట్టాడు, పొలం ఎక్కడుంది, రేషను కార్డు ఏ ఊరిది అన్నది చదువుకున్నవాడి విషయంలో లెక్కకు రాదు. పన్నెండేళ్ళ పిల్లవాడిని ఏ బళ్ళో వేస్తామో, వాడికి పాతికేళ్ళు వచ్చాక ఏ జిల్లా ఉద్యోగానికి స్థానికుడవుతాడో దానితోనే తేలిపోతుంది.

మేము ఎరిగిన ఒక కుటుంబం సంగతి పేరు చెప్పకుండా చెప్తాము. ముగ్గురు పిల్లలు. తండ్రి సైకిలు మీద బట్టలమ్మేవాడు. నడిమివాడు చురుకయినవాడని హైదరాబాదులోని ఖాలా, "నా దగ్గర పెట్టుకొని చదివిస్తాను, పంపించు ఆపా" అని ఏడవ తరగతిలో తీసుకుపోయింది. ఎంత ప్రేమతో తీసుకుపోయిందో అంత ప్రేమతోనూ చదివించింది. పదవ తరగతి అక్కడే పాసయ్యాడు. తరువాత ఇంటికి వచ్చి ఇంటరు, డిగ్రీ, టీచరు ట్రైనింగు ఏలూరు ప్రాంతంలోనే పూర్తిచేశాడు. అప్పటికి తండ్రి పోయాడు, తల్లికి కళ్ళు మందగించాయి. జిల్లాలో టీచరు ఉద్యోగం వస్తే తల్లి దగ్గరే ఉండవచ్చునని డీఎస్సీ రాశాడు. స్థానికుల జాబితాలో ఆఖరున వచ్చినవాడికంటె ఇతనికి మార్కులు ఎక్కువే. అయితే కాగితాల ప్రకారం పశ్చిమ గోదావరికి ఇతను స్థానికేతరుడు. తెరిచిన 20 శాతంలో పోటీ పడవలసి వచ్చింది, అందులో మార్కులు చాలలేదు.

"ఇక్కడే పుట్టానండి, మా అబ్బ ఇక్కడే మట్టిలో ఉన్నాడండి" అన్నాడట ఆఫీసులో. గుమాస్తా మంచివాడే, "బాబూ, నాకు తెలుసు. ఫారంలో ఆ గడి లేదు" అన్నాడట. ఖాలా చేసినది మేలు కాదని ఎవరంటారు? ఆ మేలు వెనుక ఒక రూలు ఉన్నదని ఆమెకు గాని, అక్కకు గాని చెప్పినవారు లేరు.

ఎంప్లాయిమెంటు ఆఫీసు మాట ప్రస్తావించక తప్పదు. యుద్ధం నుంచి తిరిగివచ్చే సైనికులకు పనులు చూపటానికి 1945లో పెట్టిన ఏర్పాటు అది. 1959లో ఖాళీలు తప్పనిసరిగా తెలియజేయాలన్న చట్టం వచ్చి 1960 మే నుంచి అమలయింది. మనకు ఏలూరు ఆఫీసు. కార్డు తీసుకున్నవాడు మూడేళ్ళకొకసారి రెన్యూవలు చేయించుకోవాలి, మరిస్తే సీనియారిటీ పోతుంది. కార్డు ఉన్న జిల్లా ఆఫీసే పేరు పంపుతుంది. గనుక హైదరాబాదులో ఖాళీ ఉన్నా, అక్కడి ఆఫీసు ఏలూరు కార్డువాడి పేరు పంపదు. అందుకని కొందరు చుట్టాల ఇంటి నంబరు మీద, కేరాఫ్ ఫలానా అని రాయించి నగరంలో కార్డు తీసుకునేవారు. ఇంటర్వ్యూ కాగితం ఆ ఇంటికి వచ్చేది. ఆ ఇంటివారు ఉత్తరం రాసి, అది దెందులూరు చేరి, కుర్రవాడు బండెక్కి పోయేసరికి ఇంటర్వ్యూ తేదీ దాటిపోయిన సందర్భాలు మేము వేళ్ళ మీద లెక్కించలేము. కేరాఫ్ ఇచ్చే ఇల్లు కూడా లేనివారికి అదీ లేదు.

ఎక్స్ఛేంజి పంపిన పేర్లనే చూడాలన్న ప్రభుత్వ ఆదేశాలు చెల్లుతాయని 1987లో సుప్రీంకోర్టు అన్నది. 1996లో, మన పొరుగున కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ ఉద్యోగాల విషయంగా పోయిన కేసులో, ఎక్స్ఛేంజి నుంచి పేర్లు తెప్పించుకుంటూనే పత్రికల్లోనూ, రేడియో టెలివిజన్లలోనూ ప్రకటించాలి, నేరుగా అర్జీ పెట్టినవారినీ చూడాలి అన్నది. ఊరు కదలకుండా అర్జీ పెట్టే హక్కుకు ఆ తీర్పు గొప్ప బలం ఇచ్చింది. ఆ తరువాత పేపర్లో ఉద్యోగాల పేజీ కోసం మన కుర్రవాళ్ళు టీ హోటళ్ళ దగ్గర వంతులు వేసుకోవటం మేము చూసినదే.

ఇక గల్ఫు. ఇక్కడ లెక్క పూర్తిగా తిరగబడింది. హైదరాబాదు "ముందు వచ్చి ఉండు, తరువాత ఉద్యోగం అడుగు" అన్నది. గల్ఫు "ముందు పని చూసుకో, లేకపోతే గడప తొక్కవద్దు" అన్నది. కఫీలు పేరు మీద వీసా వస్తేనే విమానం. పని ఉన్నన్నాళ్ళే ఇకామా. పదిహేనేళ్ళు కాదు, ముప్ఫై ఏళ్ళున్నా అక్కడివాడు కాలేడు. దరఖాస్తు ముందు పెట్టటం అంత మంచిదయితే గల్ఫులో మనవారు మోసపోకూడదు గదా! మోసపోయారు. ఎందుకంటే దరఖాస్తు తాము పెట్టలేదు, ఏజెంటు పెట్టాడు. ఆజాద్ వీసా అని చెప్పి డబ్బు తీసుకున్నాడు. అక్కడ దిగాక కఫీలు ఎవరో, పని ఏమిటో తెలియదు. రంగూను మేస్త్రీ కోటు వేసుకొని వచ్చినట్లే అయింది.

1922 నాటి పాత చట్టం తీసివేసి 1983లో కొత్త ఎమిగ్రేషన్ చట్టం చేశారు. ఏజెంటు రిజిస్టరు చేసుకోవాలి. తక్కువ చదువు ఉన్నవారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడుతుంది, వారి కాంట్రాక్టును ప్రొటెక్టర్ ఆఫీసు చూసి అనుమతించాలి. చాలామంది ఆ ముద్రను అవమానం అనుకొని, విజిటు వీసా మీద దొడ్డిదారిన పోయారు. ఆ ముద్ర ఉన్నది పోయేవాడి రక్షణకే. 1990 ఆగస్టులో ఇరాకు సైన్యం కువైటును ఆక్రమించినప్పుడు భారత ప్రభుత్వం సుమారు లక్షా డెబ్బై వేల మందిని విమానాల్లో తీసుకువచ్చింది. వారిలో గోదావరి జిల్లాల వారూ ఉన్నారు. మన జిల్లా ఆడవారు ఇంటిపనులకు కువైటు పోయి కుటుంబాలను నిలబెట్టిన సంగతి అందరికీ తెలిసినదే, దానిని తక్కువగా మాట్లాడేవారిని మేము మన్నించము.

2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. హైదరాబాదు మళ్ళీ వేరే రాష్ట్రపు నగరం. 1768లో ఒకసారి, 2014లో ఒకసారి గీత మన ఇంటికీ ఖాలా ఇంటికీ మధ్యనే పడింది. తెలంగాణలో 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఒకటి నుంచి ఏడు వరకు తరగతుల్లో కనీసం నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడివాడు, ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకు. అంటే అక్కడ లెక్క పదవ తరగతి నుంచి చిన్న తరగతులకు జరిగింది. తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు తరలివచ్చేవారికి మొదట మూడేళ్ళ గడువు పెట్టి, ఆ లోపల వచ్చినవారిని ఇక్కడ స్థానికులుగా చూస్తామన్నారు, ఆ గడువును తరువాత పొడిగించారు. పైన చెప్పిన కుర్రవాడికి ఈ సంగతి మేమే ఉత్తరం రాసి తెలిపాము. అప్పటికి అతను హైదరాబాదులో ఒక ప్రైవేటు బళ్ళో పంతులు. తల్లి పోయింది. పెద్దపిల్ల అక్కడే నాలుగో తరగతి. "దాని చదువు కదిలిస్తే దానికి నాకయినట్లే అవుతుందేమో మామూ" అని జవాబు రాశాడు. రాలేదు.

దెందులూరు 2022 ఏప్రిల్ 4 నుంచి ఏలూరు జిల్లాలో ఉన్నది. ఇప్పుడు దరఖాస్తులు నెట్ సెంటరులోనే నింపుతున్నారు, ఉత్తరం ఆలస్యమయ్యే బాధ పోయింది. అయినా నాలుగు నుంచి పది వరకు ఏ తరగతి ఏ బళ్ళో అన్న గడులు మాత్రం ఎదురవుతూనే ఉన్నాయి. అందుచేత కుటుంబ పెద్దలకు మా విన్నపం ఏమంటే, పిల్లవాడు బడి మారినప్పుడల్లా స్టడీ సర్టిఫికెట్టు ఆ రోజే తీసుకోండి. మూతపడిన బడి అయితే దాని రిజిస్టర్లు ఎక్కడికి చేరాయో మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. మదరసాలో చదివినవారు ఆ కాలానికి నివాస ధ్రువపత్రం తాసీల్దారు దగ్గర తీసుకోవలసి రావచ్చు. బీసీ-ఇ, బీసీ-బి సర్టిఫికెట్లు కూడా పై ఊరికి పోకముందే తీసి పెట్టుకోవటం మంచిది. పిల్లవాడిని చుట్టాల ఊళ్ళో బళ్ళో వేయదలచినవారు, వేసేముందు ఒక్కసారి మన సంఘం ఆఫీసుకు వచ్చి మాట్లాడండి. జుమా నమాజు తరువాత ఎవరో ఒకరం అక్కడే ఉంటాము.